సెలవు గేదె

గౌరినాయుడు మిలటరీ నుంచి సెలవు మీద వస్తున్నాడన్న సంగతి ఆ వీధికి పోస్టుమాను చెప్పక్కర్లేదు. చోడవరం శివార్లలో, చెరుకు మళ్ళు మొదలయ్యే చోట ఉన్న ఆ తాటాకింటి ముందు గుంజకి గేదె కనిపిస్తే చాలు. "ఏటే రత్తం, మీ ఆయనొస్తన్నాడేటి?" అని నీళ్ళకెళ్ళే ఆడవాళ్ళు కేకేసేవారు. నూకరత్నం నవ్వాలో ఏడవాలో తెలియక పేడతట్ట నెత్తికెత్తుకుని గబగబా పెరట్లోకి పోయేది. సెలవు తీరి అతను అనకాపల్లిలో రైలెక్కిన మర్నాడు ఆ గేదె కూడా తన దూడతో సహా కె.కోటపాడు దారి పట్టేది. ఇక ఏడాదంతా ఆ గుంజ ఉత్తిగా నిలబడి ఉండేది.

అది అరువు గేదె అని వీధిలో అందరికీ తెలుసు. ఒక్క గౌరినాయుడికే తెలియదు. అలాగని ఆ ఇంటి ఆడవాళ్ళు అనుకునేవారు.

అతను చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు, అరవై మూడులో మిలటరీలో చేరాడు. తోటివాళ్ళతో సరదాగా విశాఖపట్నం వెళ్ళి, రిక్రూటింగువాళ్ళ ముందు ఛాతీ విరిచి నిలబడి, సెలెక్టయి వచ్చాక గాని ఇంట్లో చెప్పలేదు. నూకరత్నం కాపరానికొచ్చి అప్పటికి ఏడాదైనా కాలేదు. "ఏడేళ్ళేనే. కళ్ళు మూసి తెరిస్తే అయిపోతాది," అన్నాడు ఊరడిస్తూ. కళ్ళు మూసి తెరవడానికి ఏడేళ్ళు పట్టదయ్యా అని ఆ మహానుభావుడికి అప్పుడే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. ఆమె మాత్రం ఆ మాటే గట్టిగా పట్టుకుంది. ఏడేళ్ళు. ఆ తర్వాత మొగుడు ఇంటిపట్టునే ఉంటాడు, పొద్దున్నే మడికి వెళ్తాడు, మధ్యాహ్నం అన్నం వేళకి వచ్చి కాళ్ళు కడుక్కుంటాడు. ఆవిడ కోరిందల్లా అదే. మేడలడగలేదు, నగలడగలేదు.

మొదటి సెలవుకి వచ్చినప్పుడు రావికమతం వైపు నుంచి ఒక మంచి పాడిగేదెను స్వయంగా చూసి, బేరమాడి తోలుకొచ్చాడు. పశువులు కాసి పెరిగిన మనిషి, గేదె వీపు మీద చెయ్యేస్తే చాలు మొహం వెలిగిపోయేది. "పెరుగు లేకుండా తిన్నది తిండేటే?" అనేవాడు. వెళ్తూ వెళ్తూ పెళ్ళానికి చెప్పిన అప్పగింతలకంటే గేదెకి చెప్పినవే ఎక్కువ. ఆ గేదె ఏం చేసింది? రెండో ఏట వానాకాలంలో గొంతువాపు వచ్చి రెండు రోజుల్లో చచ్చిపోయింది. నూకరత్నం దాని పక్కన కూర్చుని ఏడుస్తుంటే పసిదైన కూతురు పైడితల్లి కూడా ఎందుకో తెలియకుండానే ఏడ్చింది.

"ఆడికి రాయించకు," అంది అత్తగారు అచ్చియ్యమ్మ.

"రాయించక? రేపొచ్చి అడగడేటి అత్తా?"

"వచ్చినప్పుడు సూసుకుందాం. మిలటరీలో ఉన్నోడికి ఇంటి ఏడుపు సూపించకూడదు."

అచ్చియ్యమ్మ చెడ్డ మనిషి కాదు. ఆవిడ భయం ఆవిడది. జర్మనీ యుద్ధం రోజుల్లో ఆవిడ మరిది సెలవు మీద వచ్చాడట. ఇంట్లో తగువులూ, ఎండిపోయిన మడీ, ముసలాయన దగ్గూ, ఉన్న ఏడుపులన్నీ ఆ కుర్రాడి నెత్తిన పోశారట. మనసు ఇక్కడ వదిలేసి మనిషి మాత్రం వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. "మనవే సంపుకున్నాం ఆడిని," అనేది అచ్చియ్యమ్మ, చెప్పినప్పుడల్లా చెంగు నోట్లో కుక్కుకుని. అందుకని ఆ ఇంట్లో అదొక ఆచారంగా పాతుకుపోయింది. కొడుకు వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేదాకా ఇల్లు నవ్వుతూ ఉండాలి. ఎవరి కళ్ళలోనూ తడి కనిపించకూడదు.

ఆ ఏడు సెలవు కబురు రాగానే అచ్చియ్యమ్మ కె.కోటపాడు పరుగెత్తింది. అక్కడ ఆవిడ చెల్లెలు నరసమ్మ ఇంట్లో నాలుగు గేదెలున్నాయి. ఒకదాన్ని దూడతో సహా తోలుకొచ్చి గుంజకి కట్టేశారు. ఎదురింటి నుంచి పూలపూల దుప్పటి, పక్కింటి నుంచి ఇత్తడి చెంబులు వచ్చాయి. ఏడాదంతా చోడి అంబలి కాగే పొయ్యి మీద సన్నబియ్యం ఉడికింది. కప్పు మీద కొత్త ఆకు పరిచారు. వీధి గుమ్మం నుంచి చూస్తే ఏ కాపు మోతుబరి ఇల్లో అనుకోవాలి.

గేదె మాత్రం ఈ నాటకంలో వేషం వెయ్యనంది. నూకరత్నం చెంబు పట్టుకుని కూర్చుంటే పొదుగు బిగబట్టుకుని చుక్క పాలు చేపలేదు. దూడని వదిలినా అంతే, బతిమాలినా అంతే. ఓ తాపు తన్ని చెంబు కూడా దొర్లించింది. రేపు మొగుడు రైలు దిగుతాడనగా ఈ బుద్ధిలేని పశువుతో ఏం చెయ్యాలో తెలియక ఆమె బావురుమంటే, అచ్చియ్యమ్మ మళ్ళీ కె.కోటపాడు నడిచి వెళ్ళి, చెల్లెలు కట్టి విడిచిన కోక ఒకటి తెచ్చింది. ముతక ఎర్రకోక, నల్ల గళ్ళది. "ఉతక్కుండా కట్టుకో. దానికి దీని వాసనే తెలుసు," అంది. నూకరత్నం ఆ కోక చుట్టుకుని కూర్చుంది. గేదె ఒకసారి మెడ తిప్పి వాసన చూసి, నిట్టూర్చి, పాలిచ్చేసింది. ఆరోజు అత్తా కోడళ్ళు ఎంత నవ్వారో చెప్పలేం. అప్పట్నుంచి ప్రతి సెలవుకీ గేదెతో పాటు కోక కూడా వచ్చేది.

గౌరినాయుడు వచ్చి గేదెను చూసి, "ఇదేటే, మన గేదె కాదే?" అన్నాడు.

"అది తన్నుతంటే ఇచ్చీసి దీన్ని తీసుకున్నాం," అంది అచ్చియ్యమ్మ కొడుకు మొహం చూడకుండా.

"మంచి పని సేసేరు," అని గేదె నుదురు గోకాడు. మరో రెండేళ్ళకి ఇంకో గేదె వచ్చినప్పుడు, "కిందటేడు కొమ్ములు ఇలగ లేవే?" అన్నాడు. "పెరిగేయి," అంది నూకరత్నం. అతను ఒక్క క్షణం ఆమె కళ్ళల్లోకి చూసి, పెద్దగా నవ్వి, పెరుగన్నం కలుపుకున్నాడు. ఎంత బాగా నమ్మించామో అని ఆడవాళ్ళిద్దరూ మురిసిపోయారు.

తను మాత్రం తక్కువ తిన్నాడా? అక్కడ రోజూ గుడ్లట, మాంసమట, వేడివేడి రొట్టెలట. చలికి ఇంత మందం కోటు ఇస్తారట. సినిమా కూడా వేస్తారట. "రాజాలాగుంటాదే మా బతుకు," అనేవాడు అరుగు మీద కాళ్ళు జాపుకుని. వింటున్న వీధి కుర్రాళ్ళ కళ్ళు పెద్దవయ్యేవి. నూకరత్నం గుండెలో మాత్రం ఎక్కడో ముల్లు గుచ్చుకునేది. అంత రాజాలాంటి బతుకు వదులుకుని చోడి అంబలికి ఎవడొస్తాడు?

అరవై తొమ్మిదిలో ఆమె మళ్ళీ నీళ్ళోసుకుంది. పురుడు క్షేమంగా అయ్యాక రాయిద్దాంలే అంది అచ్చియ్యమ్మ. వానలు పట్టాయి. చెరుకు గడలు పడిపోకుండా జడచుట్లు కట్టాలి. కూలికి మనుషులు దొరకలేదు, ఇంట్లో మగదిక్కు లేదు. ఏడో నెల కడుపుతో ఆమె మడిలో దిగి, చేతులెత్తి చెరుకు ఆకులు మెలేసి కట్టింది. ఆ సాయంత్రం మడిపాకలోనే నొప్పులొచ్చాయి. ఇంకెవరూ లేక, బండి కోసం ఐదారేళ్ళ పైడితల్లిని ఊళ్ళోకి పంపారు. బండి వచ్చేసరికి అంతా అయిపోయింది. మగబిడ్డ. కాసేపు ఊపిరి పీల్చాడు. ఒకసారి, పిల్లి పిల్లలాగా, సన్నగా ఏడ్చాడు కూడా. తర్వాత లేదు.

నూకరత్నం ఆ కాసేపట్లోనే వాడిని పూర్తిగా చూసేసుకుంది. చెవులు అచ్చం గౌరినాయుడివే, పైన కొసలు కాస్త బయటికి విచ్చుకుని. కళ్ళు తిరిగి ఆమె పాకలో పడి ఉండగా అచ్చియ్యమ్మ తన పాత గుడ్డలో వాడిని చుట్టి, మడిగట్టు మీదికి ఒక్కతీ తీసుకెళ్ళింది. తిరిగొచ్చి గునపం పక్కన పెట్టి, కోడలి తల ఒళ్ళో పెట్టుకుని, "ఆడికి సెప్పకు తల్లీ. మంచులో ఉన్నాడు," అంది.

ఆ రోజే నూకరత్నం ఒక నిర్ణయానికి వచ్చింది. ఏడేళ్ళూ వచ్చే ఏటితో నిండుతాయి. ఈసారి వచ్చినప్పుడు చెప్పేస్తుంది. గేదె సంగతి, బాబు సంగతి, అన్నీ చెప్పి కాళ్ళు పట్టుకునైనా సరే ఆపేస్తుంది. అత్త తిట్టనీ, లోకం నవ్వనీ. ఇక తన వల్ల కాదు. చేలో కలుపు తీస్తూ, పొయ్యి ఊదుతూ ఆ మాటలే వరసగా పేర్చుకుని అప్పజెప్పుకునేది.

డెబ్భైలో అతను వేసవికి వచ్చాడు. బస్సు దిగి నడిచి వస్తుంటేనే ఆమె చూసింది, కుడికాలు కుంటుతున్నాడు. బూటు విప్పితే రెండు వేళ్ళు లేవు. అచ్చియ్యమ్మ గుండెలు బాదుకుంది.

"ఏటీ కాదే అమ్మా! స్టోర్సులో పెట్టె పడింది. అంతే. ఇప్పుడు ఇంకా హాయి. పరుగుల్లేవు, మోతల్లేవు. కుర్చీలో కూకొని సామాన్లు లెక్కెట్టడమే," అని నవ్వేశాడు గౌరినాయుడు.

ఆ నవ్వు చూసి నూకరత్నం ధైర్యం సగం జారిపోయింది. అయినా మాటలు మింగెయ్యలేదు. సమయం కోసం కాచుకుంది.

ఆ సమయం ఒక సాయంత్రం పాలు పితికే వేళ తనంతట తనే వచ్చింది. ఆమె నరసమ్మ ఎర్రకోక కట్టుకుని గేదె పక్కన కూర్చుంది. అచ్చియ్యమ్మ అరుగు మీద చేటతో బియ్యం చెరుగుతోంది. గౌరినాయుడు చుట్ట వెలిగించి, గుంజకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏడేళ్ళూ నిండిపోయేయే. ఉంటావా, ఇంటికెల్తావా అని అడుగుతన్నారు మావోళ్ళు. తిరిగెల్లగానే సెప్పాలి."

ఆమె చేతులు ఆగిపోయాయి. "నివ్వేటనుకుంతన్నావు మావా?"

"నాననుకోడం కాదు. ఇంటి పరిస్థితిని బట్టి గదా. నిజం సెప్పు రత్తం. ఇంట్లో ఏటైనా లోటుందేటి?"

అరుగు మీద చేట చప్పుడు ఆగింది. నూకరత్నం తలెత్తి చూసింది. అత్తగారు కళ్ళతోనే బతిమాలుతోంది, వద్దే తల్లీ అని. ఇటు చూస్తే మొగుడు, ఇస్త్రీ చొక్కాలో, రెండు వేళ్ళు పోయినా రాజాలాగా ఉందంటున్న మనిషి. ఆ క్షణంలో ఆమెకి ఒక పాడు పౌరుషం వచ్చింది. రావాలని ఉన్నవాడు లోటుందా అని అడుగుతాడా? వచ్చేస్తానే రత్తం, నీ దగ్గర ఉండాలనుంది అనొచ్చు గదా. ఆ ఒక్క ముక్క అతని నోటి నుంచి వస్తే చాలు, మిగతాదంతా తను చెప్పేస్తుంది. ఏడ్చి, కాళ్ళు పట్టుకుని మొగుణ్ణి ఇంట్లో కట్టేసుకోవాలా?

"ఏ లోటూ నేదు," అంది.

అతను ఆమెను అలాగే చూస్తూ నిలబడ్డాడు. మొహం కాదు, భుజం మీది కొంగు చూస్తున్నాడు. "ఆ కోక ఎక్కడిదే?"

"సంతలో కొన్నాను."

"బాగుందే," అన్నాడు. "అయితే సరే," అని చుట్ట ఆర్పేసి లోపలికి వెళ్ళిపోయాడు.

నాలుగైదు నెలలు గడిచాయి. అప్పుడు సంతలో కనిపించాడు సత్యారావు. దేవరాపల్లి మనిషి, గౌరినాయుడి పటాలంలోనే పని చేస్తూ సెలవు మీద వచ్చినవాడు. "వదినా, మావోడు సంతకం పెట్టీసేడు గదా! పింఛను దాకా ఉంటాడు. ఇంకో ఎనిమిదేళ్ళు," అన్నాడు సంతోషంగా. మిలటరీ ఇంటి ఆడమనిషికి అంతకంటే మంచి కబురు ఉండదని అతని నమ్మకం. "అయినా గట్టోడు వదినా. నాలుగు రాత్రులు మంచులో ఇరుక్కుపోయేం. కాలేళ్ళు నల్లగయిపోయి కోసీసేరు. ఆస్పత్రిలో మూడు నెలలు. ఇంకోడైతే పారిపోయొచ్చీసును."

నూకరత్నం చేతిలో వంకాయలు కింద పడ్డాయి. "పెట్టె పడింది అన్నాడు గదా?"

సత్యారావు నాలిక కరుచుకున్నాడు. "నాను సెప్పేనని సెప్పకు వదినా."

ఆమె ఇంటికి ఎలా నడిచి వచ్చిందో ఆమెకే తెలియదు. పింఛను మాట అప్పటికే వీధిలో పాకిపోయింది. "అదృష్టమంటే నీదే రత్తం," అన్నారు. ఆమె లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. మొదట అతని కాలు తలుచుకుని ఏడ్చింది. ఆ తర్వాత వచ్చిన ఏడుపు వేరు. వేళ్ళు తినేసిన ఆ మంచులోనైనా ఉంటానన్నాడు గాని, ఇంటికి వస్తానని అనలేదే! ఆ మంచు కంటే తను అంత చేదైపోయిందా? ఈ ఇంట్లో, తన పక్కన, అతనికి అంత ఇష్టం లేనిదేముంది? ఆ ప్రశ్న ఆమెకి ఒంట్లో దిగిన మేకులాగా ఉండిపోయింది. ఎవరినీ అడగలేదు. అతన్ని అసలే అడగలేదు.

డెబ్భై ఒకటి డిసెంబరులో యుద్ధం వచ్చినప్పుడు పాన్ దుకాణం రేడియో దగ్గర అత్తా కోడళ్ళు పడిగాపులు పడ్డారు. అతనికి ఏమీ కాలేదు. డెబ్భై మూడులో సికింద్రాబాదులో పెళ్ళాంబిడ్డల్ని ఉంచుకోడానికి క్వార్టరు వంతు వచ్చింది. నూకరత్నం రేకుపెట్టె సర్దుకుంది, పైడితల్లికి కొత్త గౌను కుట్టించింది. ఆ వారమే అచ్చియ్యమ్మ జారిపడి తుంటి విరిగింది. మంచం మీది ముసలిదాన్ని ఎవరికి అప్పజెప్పి వెళ్తుంది? క్వార్టరు ఇంకెవరికో పోయింది. సర్దిన పెట్టె చాలా రోజులు అలాగే ఉంచింది, విప్పడానికి చేతులు రాక.

అచ్చియ్యమ్మ రెండేళ్ళు మంచం మీదే ఉండి చనిపోయింది. పోయేముందు కోడలి చెయ్యి పట్టుకుని, "ఆడి ముందర ఏడవకు," అనే అంది. కొడుకు పెద్దకర్మం నాటికి గాని అందుకోలేకపోయాడు. అప్పుడు కూడా, చూడండి, నరసమ్మ ఏడుస్తూ ఏడుస్తూనే గేదెను తోలుకుని వచ్చింది, సెలవు మీద వచ్చేవాడికి ఇల్లు బోసిగా కనిపించకూడదని.

ప్రతి సెలవులోనూ సాయంత్రం పూట ఆమె ఆముదం వెచ్చజేసి అతని కుడికాలికి మర్దనా చేసేది. "పెట్టె పడ్డ కాలు గదా, సలికి లాగుతాది," అనేవాడు. "అవును," అనేది ఆమె, వేళ్ళు లేని చోట వేళ్ళతో మెల్లగా నొక్కుతూ. అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు. ఇద్దరూ ఎంత మంచివాళ్ళో అంత మొండివాళ్ళు. అలాంటి ఇద్దరికి ముడిపెట్టిన దేవుణ్ణి అనాలి.

డెబ్భై ఎనిమిదిలో గౌరినాయుడు పింఛనుతో వచ్చేశాడు. తలలో సగం నెరిసింది. ఈసారి తిరిగి వెళ్ళేది లేదు. మరి నూకరత్నం ఏం చేసిందో తెలుసా? కబురు రాగానే కె.కోటపాడు పోయి గేదెను తోలుకొచ్చింది. కోక కూడా తెచ్చింది. వచ్చేవాడు ఎప్పటికీ ఉండిపోయేవాడనీ, గేదెను ఎప్పటికీ అరువుంచుకోలేననీ ఆమెకు తట్టనే లేదు. మొగుడు వస్తున్నాడంటే గుంజకి గేదె ఉండాలి, అంతే. చేతులు అలా అలవాటు పడిపోయాయి.

మర్నాడు పొద్దున్న పైడితల్లి బడికి వెళ్ళాక ఆమె ఆ కోక కట్టుకుని పాలకి కూర్చుంది. గౌరినాయుడు ముక్కాలిపీట తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఆ ఎర్రకోక వంక చూసి, మెల్లగా అన్నాడు.

"ఆ కోక ఇప్పీసి నీ కోక కట్టుకోయే. ఇయ్యకపోతే మానె పాలు."

నూకరత్నం చెంబు వదిలేసింది. పాలు మట్టిలో ఇంకిపోతున్నా చూడలేదు. "నీకు తెలుసా?"

"మొదటేడే తెలుసు. పశువులు కాసినోడినే నాను. కొత్త గేదె పాలివ్వకపోతే యజమానురాలి కోక కడతారని నాకు తెలీదేటి? నా సిన్నప్పుడు మా అమ్మ ఎన్ని ఇళ్ళల్లో అలగే పితికిందో."

"మరెందుకు అడగలేదు?"

"ఏటని అడుగుతాను? నన్ను నవ్వించాలని మీరంత కష్టపడతంటే, నాకు తెలుసంటే మీ మొహాలెలగుంటాయి?" చుట్ట చేతిలోనే నలిగిపోతోంది. "ఆరోజు ఇక్కడే నిలబడి అడిగేను. లోటుందేటి అని. అరువు కోక కట్టుకుని ఏ లోటూ లేదన్నావు. నాకు గుండె ఆగినంత పనయింది రత్తం. నాను పంపిన జీతం వస్తంటేనే గేదె అరువు, దుప్పటి అరువు. మరి నాను ఈ కుంటికాలేసుకుని వచ్చీసి, మడిలో దిగలేక మీ నెత్తిన కూకుంటే ఏటి తింటారు? నీకు సెప్పుకోలేనంత కష్టం ఉంది గావాల అనుకున్నాను. అందుకే సంతకం పెట్టీసేను. పెట్టి, స్టోర్సు ఎనకాలకెల్లి ఏడిసేను. రావాలనే వచ్చేను ఆ సెలవుకి. వచ్చీమంటావని వచ్చేను."

ఎనిమిదేళ్ళుగా దిగబడి ఉన్న మేకు ఊడి వచ్చినట్టయింది ఆమెకి. ఊడినందుకు హాయి లేదు, చిల్లు మిగిలింది. "నాను మంచు కంటే సేదనుకున్నావని..." అని ఏడుస్తూ అంది. "నీ కాలు సంగతి నాకు తెలుసు మావా. సత్యారావు అప్పుడే సెప్పేడు. అయినా ఉండిపోయేవంటే నానంటే ఇష్టం లేదనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను."

గౌరినాయుడు చేతిలో నలిగిన చుట్ట పారేశాడు. పీట మీంచి ముందుకి వంగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఎర్రిదానివే. ఇద్దరం ఎర్రోళ్ళమే. పోనీలే, ఇప్పుడన్నీ తెలిసిపోయేయి గదా. గేదె తెలుసు, కోక తెలుసు, ఎదురింటోళ్ళ దుప్పటి తెలుసు. నాకన్నీ తెలుసు. మరి దాసుకోడానికేటీ నేదు."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. అత్తగారి మాట ఒక్కసారి గుర్తొచ్చింది. ఈసారి ఆగలేదు.

"బాబు సంగతి తెలుసా?"

"ఏ బాబు?"

"మన బాబే. నీ ఏడేళ్ళు నిండే ముందేడు, జడచుట్లు కడతంటే ఏడో నెలలో పుట్టీసేడు. ఏడిసేడు మావా, ఒక్కసారి. నీ సెవులే. అచ్చం ఇలగే." ఆమె అతని చెవి కొస ముట్టుకుంది. "ఆరోజు పాలకాడ సెబుదామనుకున్నాను. సెప్పలేకపోయేను."

గౌరినాయుడు నవ్వబోయినవాడు అలాగే ఆగిపోయాడు. గేదె దూడ అంబా అని అరిచింది. అతనికి వినిపించినట్టు లేదు.

"నాకు కొడుకు పుట్టేడా?" అన్నాడు. "అది నాకు తెలీదే రత్తం."

తర్వాత అతను ఏడవలేదు, ఆమెను ఒక్క మాట అనలేదు. లేచి చెప్పులేసుకుని, "ఎక్కడ?" అని మాత్రం అడిగాడు. ఇద్దరూ చెరుకు మడికి నడిచారు. అతను కుంటుతూ ముందు, ఆమె ఇంకా ఆ ఎర్రకోకతోనే వెనక. మడిగట్టు దగ్గరకొచ్చి ఆమె ఆగిపోయింది.

"ఏ పక్క?" అన్నాడు.

నూకరత్నం గట్టు ఆ చివర నుంచి ఈ చివరకి చూసింది. గడ్డి ఏపుగా పెరిగి ఉంది. "నాకు తెలీదు మావా," అంది. "నాను పాకలో తెలివి తప్పి పడున్నాను. అత్తే తీసుకెల్లింది. ఎక్కడని ఎప్పుడూ సెప్పలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది. ఆ సంగతి ఆవిడతోనే పోయింది."

గౌరినాయుడు తల ఊపాడు. వంగి చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. గట్టు మీద అడుగు వెయ్యబోయి, ఎక్కడ తొక్కుతానో అని వెయ్యలేక, మూడు వేళ్ళ కాలు నేల మీద ఆన్చి అక్కడే నిలబడిపోయాడు.